శివారు చూపు

కృష్ణా డెల్టాలో కాలువ చిట్టచివర నీరందే పొలాన్ని శివారు భూమి అంటారు. తల దగ్గరి పొలాలన్నీ తడిసిన తరవాత మిగిలిన నీరే శివారుకు వస్తుంది. పై పొలాల మురుగు మాత్రం ఏ ఏడూ తప్పకుండా వస్తుంది. నాగాయలంక మండలం అలాంటి శివారు. మహాబలేశ్వర్ దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచిన కృష్ణమ్మ పులిగడ్డ దిగువన రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ దివిసీమను నిలబెట్టి సముద్రంలో కలుస్తుంది. నదికి నీరందించే నేల మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు 2.58 లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. అంత నేలకూ చివరి ఊళ్లు నాగాయలంక, కోడూరు మండలాలవే.

ఎక్కడో ఎగువన జరిగిన వాడకం ఫలితం ఇక్కడ నీటి రుచిలో, నేల రంగులో, వలలో పడే చేపల్లో తెలిసిపోతుంది. అందువల్ల ప్రకృతి వనరులను ఎలా వాడుకోవాలో నేర్చుకోవడానికి శివారు మంచి బడి. వనరు మొదలయ్యే చోటు నుంచి కాకుండా అది ముగిసే చోటు నుంచి చూడటం ఇక్కడ ప్రతి పనిలోనూ అవసరమవుతుంది. ఆ చూపు ఎవరైనా సాధనతో అలవరచుకోగలిగిన గుణం.

నాలుగు ప్రశ్నలు

శివారు చూపు నాలుగు ప్రశ్నలతో మొదలవుతుంది. వాడుతున్న వస్తువు ఎక్కడి నుంచి వస్తోంది? తీసుకున్నంత మళ్లీ నిండటానికి ఎంత కాలం పడుతుంది? వాడగా మిగిలింది ఎటు పోతుంది? ఆ దారి చివర ఎవరున్నారు?

మొదటి ప్రశ్నకు జవాబు చాలామందికి తెలుసు. రెండోది వాడకానికి హద్దు చూపిస్తుంది. వరిగడ్డి ఏడాదిలో మళ్లీ చేతికొస్తుంది. నరికిన మడ చెట్టు చోట మరో చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఉప్పెక్కిన నేల తేరుకోవడానికి ఎన్నో వానకాలాలు కావాలి. మూడో ప్రశ్న మురుగును, చెత్తను, మందుల అవశేషాలను గుర్తు చేస్తుంది.

నాలుగో ప్రశ్న మనిషి నడతను మారుస్తుంది. ప్రతి మనిషీ ఒకచోట శివారున ఉంటే మరోచోట ఎగువన ఉంటాడు. నాగాయలంక రైతు విజయవాడ దగ్గరి ప్రకాశం బ్యారేజీకి శివారు. అదే రైతు రొయ్యల చెరువు నీటిని డ్రెయిన్‌లోకి వదిలినప్పుడు, పాయలో వల వేసే మత్స్యకారుడికి ఎగువ. ఆ మత్స్యకారుడు పిల్లచేపను కూడా పట్టేస్తే, వచ్చే ఏటి వేటకు తానే ఎగువ. శివారున ఉన్నప్పుడు కోరుకునే న్యాయాన్ని ఎగువన ఉన్నప్పుడు పాటించడమే ఈ అధ్యాయం చెప్పే సాధన. దివిసీమలో ఆ సాధనకు నేల, నీరు, పైరు, అడవి, చెరువు, వేట, ఇల్లు అనే ఏడు చోట్ల అవకాశం ఉంది.

ఒండ్రు ఆగిన నేల

దివిసీమ నేల అంతా కృష్ణ తెచ్చిన ఒండ్రే. వరద ఒండ్రును తెచ్చి పోస్తుంది, సముద్రపు అల కోసుకుపోతుంది. తెచ్చేది ఎక్కువగా ఉన్నంతకాలం డెల్టా ముందుకు పెరుగుతుంది. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరవు తరవాత నదికి అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన బలపడింది. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ సుమారు 13 లక్షల ఎకరాలకు నీరిస్తోంది. 1967 నుంచి నాగార్జునసాగర్, 1980ల నుంచి శ్రీశైలం జలాశయం వరద నీటిని పట్టి ఉంచుతున్నాయి. ఈ కట్టడాలు లక్షల కుటుంబాలకు అన్నం పెట్టాయి.

అయితే నీటితోపాటు ఒండ్రు కూడా జలాశయాల్లోనే ఆగిపోయింది. 1960ల చివర్లో ఏడాదికి సుమారు 90 లక్షల టన్నుల మేర డెల్టాకు చేరిన కృష్ణ ఒండ్రు, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయిందని 2010లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో కృష్ణా, గోదావరి డెల్టాల తీరం కలిపి నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయిందని అదే అధ్యయనం తేల్చింది.

ఆగిన ఒండ్రును ఒక కుటుంబమో ఒక ఊరో తిరిగి తేలేదు. ఉన్న నేల మీద అదనపు భారం పడకుండా మాత్రం చూసుకోగలదు. ఏటి ఇసుకనూ తీరంలోని ఇసుక దిబ్బలనూ తవ్వకుండా ఉంచడం, దిబ్బ మీద సహజంగా అల్లుకున్న తీగలనూ పొదలనూ పీకకుండా వదిలేయడం, కొత్త కట్టడాన్ని తీరానికి దూరంగా జరపడం అలాంటి పనులు. ఇల్లు కట్టుకునేవారు ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవడం కూడా ఇందులో భాగమే.

మంచినీటి బరువు

తీరంలో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు కాస్త బరువు కాబట్టి కిందికి దిగుతుంది. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ రెండు పొరల లెక్కను వేర్వేరుగా కనుక్కున్నారు. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, ఆ మట్టం కింద దాదాపు 40 అడుగుల లోతు వరకు మంచినీరే ఉంటుంది. ఇదే లెక్క తిరగేస్తే కీడు తెలుస్తుంది. ఎక్కువగా తోడి పై మట్టాన్ని ఒక అడుగు దించితే, అడుగున ఉప్పునీరు కాలక్రమంలో 40 అడుగుల వరకు పైకి వస్తుంది. ఫిల్టర్ పాయింటును లోతుకు దించినకొద్దీ, గంటల తరబడి ఆపకుండా తోడినకొద్దీ నీరు ఉప్పగా మారడానికి కారణం ఇదే.

పాయల్లోనూ అదే జరుగుతుంది. బ్యారేజీ దిగువన నది ప్రవాహం సన్నగిల్లితే, పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు అందుతోంది. ఆ నీరు కూడా ఎగువ కాలువల్లో ఖర్చయిపోతే, పులిగడ్డ అక్విడెక్టు దాటి శివారు తూములకు చేరేది కొంచెమే.

పాటించవలసినవి మూడు. తోడక తప్పని చోట ఒకే లోతైన బోరుకు బదులు తక్కువ లోతున, తక్కువ వేగంతో, విడతలుగా తోడాలి. చేతిలో ఇమిడే ఈసీ మీటరుతో నీటి ఉప్పదనాన్ని నెలకొకసారి కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. అంకె పెరుగుతుంటే తోడటం తగ్గించాలి. వాన నీటిని చెరువుల్లో, గుంటల్లో నిలిపి నేలలోకి ఇంకనివ్వాలి. ఇలా ఇంకిన ప్రతి వాన పైనున్న మంచినీటి పొరకు బరువును చేరుస్తుంది.

వరి పొలంలో పొదుపు ఎవరిది?

ఒక కిలో వడ్లు పండటానికి వాన, కాలువ కలిపి సగటున సుమారు 2,500 లీటర్ల నీరు పొలానికి చేరవలసి ఉంటుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా. ఆ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఒక పద్ధతిలో పొలాన్ని తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడుపుతారు. చిల్లులు పెట్టిన అడుగు పొడవు గొట్టాన్ని సగం వరకు మట్టిలో దించుతారు. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ నీరు పెడతారు. పూత దశలో మాత్రం నీరు నిలిపి ఉంచుతారు. దిగుబడి తగ్గకుండా 30 శాతం వరకు నీరు ఆదా అవుతుంది.

అన్ని పొలాలకూ ఇది ఒకేలా పనికిరాదు. నాగాయలంక చుట్టుపక్కల చౌడు భూముల్లో పొలం ఆరితే, అడుగునున్న ఉప్పు తేమతో పాటు పైకి ఎగబాకి వేళ్ల దగ్గర పేరుకుంటుంది. నేల ఉప్పదనం మీటరుకు 3 డెసీసైమన్లు దాటినప్పటి నుంచి వరి దిగుబడి పడిపోతుంది. ఇక్కడ పైరుకు నీరు నిలిచి ఉండటమే రక్ష. కాబట్టి ఆరబెట్టి ఆదా చేయవలసింది ఉప్పు లేని ఎగువ పొలాలు. ఆదా అయిన నీరు అందవలసింది శివారు పొలాలకు. ఉయ్యూరు, పామర్రు వైపు ఒక రైతు అనవసరపు తడిని ఆపితే, దివిసీమలో మరో రైతు నేల ఉప్పు నుంచి బయటపడుతుంది.

శివారు రైతు చేయగలిగిన పనులు వేరు. నాట్లకు ముందు జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే నేలకు సేంద్రియ పదార్థం అందుతుంది. జీలుగ ఉప్పునూ ముంపునూ ఓర్చుకుంటుంది. మట్టి పరీక్షలో క్షారం తేలితే సిఫారసు మేరకు జిప్సం వేసి, మంచినీటితో ఉప్పును కడిగి, ఆ నీటిని బయటికి పంపాలి. మురుగు బోదెలో తూటికాడ, గుర్రపుడెక్క లేకుండా ఉంటేనే ఉప్పు కిందికి పోతుంది.

వరి తరవాత మినుము వేయడం డెల్టా రైతుల పాత తెలివి. కోతకు రెండు మూడు రోజుల ముందు తడి మాగాణిలో చల్లిన మినుము, నేలలో మిగిలిన తేమతోనూ మంచుతోనూ పండుతుంది. కాలువ నీటిని అడగదు. పైగా వేళ్ల బొడిపెల ద్వారా నేలకు నత్రజనిని చేరుస్తుంది. ఒక వనరును పూర్తిగా వాడుకుని మరో వనరును పెంచే పంట ఇది.

మడ అడవి

కృష్ణా నదీ ముఖంలోని మడ అడవులను కలుపుతూ 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్ల దిబ్బ దాని భాగాలే. మడ, తిల్ల, కళింగ, ఉప్పుపొన్న ఇక్కడి చెట్లు. ఊపిరాడని బురదలో బతకడానికి మడ చెట్టు వేళ్లను పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల మీదికి తోసేస్తుంది. ఆ వేళ్ల మధ్యే రొయ్య పిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలు పెరుగుతాయి. వాటి మీద ఆధారపడి బావురుపిల్లి, నీటికుక్క బతుకుతాయి. సముద్రంలో వేటాడే పడవకు దొరికే సంపద చాలావరకు ఈ బురదలో మొదలవుతుంది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది ప్రాణాలు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీర గ్రామాల్లో కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. ఆ తరవాత తీరం వెంట సరుగుడు తోటలు పెంచారు. సరుగుడు గాలిని ఆపుతుంది. అలల వేగాన్ని విరిచి, బురదను పట్టి ఉంచే పని మడ అడవిది. దట్టమైన మడ కూడా అంతటి ఉప్పెనను పూర్తిగా ఆపలేదు, దాని దెబ్బను తగ్గిస్తుంది. అందుకే తుపాను కేంద్రం, హెచ్చరిక, మడ అడవి అనే మూడూ కలిసి ఉండాలి.

చెడిన మడ అడవిని తిరిగి లేపవచ్చని ఈ తీరమే చూపింది. చెట్లు పోయిన చోట నేల పళ్లెంలా కుంగి, పోటు నీరు నిలిచి ఎండి, ఉప్పు గడ్డకడుతుంది. అక్కడ మొక్క నాటినా బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామస్థులు కలిసి 1990ల చివర్లో గోదావరి, కృష్ణా ముఖాల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటుకు నీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడుక్కుని వెళ్లిపోయింది. ఆ తరవాత నాటిన మడ మొక్కలు నిలిచాయి. మొక్క నాటడానికి ముందు నీటి దారిని సరిచేయాలన్నది ఇందులోని పాఠం. తీర గ్రామం పాటించదగినవి వంటచెరకుకు మడ కొట్టకపోవడం, పశువులను లేత మడల్లోకి తోలకపోవడం, పోటు నీటి దారికి అడ్డంగా కట్ట పోయకపోవడం.

రొయ్యల చెరువు

1990ల మొదట్లో టైగర్ రొయ్య కోస్తా అంతటా డబ్బు కురిపించింది. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు చెరువులను వరసపెట్టి ఖాళీ చేసింది. తెగులు అంత వేగంగా పాకడానికి ఒక పెద్ద కారణం నీటి దారి. ఒక చెరువు మురుగు వదిలిన కాలువ నుంచే పక్క చెరువు నీరు తోడుకునేది. శివారును మరిచిన ఎగువ వాడు చివరికి తానే శివారయ్యాడు. తీర ఆక్వాకల్చర్ మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుంచి వనామీ రొయ్యకు అనుమతులు మొదలయ్యాయి.

చెరువులో వేసిన మేతలోని నత్రజనిలో సగం కన్నా తక్కువే రొయ్య ఒంటికి చేరుతుంది. మిగిలింది బురదగా, మురుగుగా మారుతుంది. కాబట్టి మేత ఆదా చేస్తే డబ్బూ, డ్రెయినూ రెండూ మిగులుతాయి. చెక్ ట్రేలో మిగిలిన మేతను చూసి తరవాతి పూట పరిమాణం నిర్ణయించుకోవాలి. వనామీ పిల్లను చదరపు మీటరుకు 60కి మించి వేయకూడదని నిబంధన ఉంది. పెద్ద చెరువులకు మురుగును శుద్ధి చేసే ఏర్పాటు తప్పనిసరి. చిన్న రైతులు నలుగురైదుగురు కలిసి ఒక చెరువును మురుగు తేర్చడానికి వదిలితే, అందులో బురద అడుగున దిగాక పైనీరు మాత్రమే బయటికి పోతుంది. నీరు తోడే చోటు, వదిలే చోటు వేర్వేరుగా ఉండాలి. నిషేధించిన యాంటీబయాటిక్‌లు వాడకూడదు. తెగులు సోకిన చెరువు నీటిని శుద్ధి చేయకుండా వదలకూడదు. వరి ఆయకట్టు నడుమ ఉప్పునీటి చెరువు తవ్వితే ఊటనీరు పక్క పొలాన్ని చౌడు చేస్తుంది. లాభం లెక్కలో పక్క పొలం నష్టాన్ని కూడా కలిపి చూడాలి.

వేట

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటకు విరామం. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం అది. చేప పిల్లకు పెరిగే గడువు ఇవ్వడమే ఈ నియమం ఉద్దేశం. ఆ రెండు నెలలూ ఆదాయం లేని ఇంటికి పరిహారం సకాలంలో అందడం ఎంత అవసరమో, విరామాన్ని అందరూ ఒకేలా పాటించడం అంతే అవసరం. ఒక్క పడవ వెళ్లినా ఆగినవారి త్యాగం వృథా అవుతుంది.

మిగిలిన పది నెలల్లో శివారు చూపు వల కన్నులో కనిపిస్తుంది. సన్న కన్ను వల పాయలో పెరగవలసిన పిల్లను కూడా ఊడ్చేస్తుంది. గుడ్లున్న ఆడపీతను, చిన్న పీతను వదిలేస్తే అదే పాయలో అవి మళ్లీ దొరుకుతాయి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుక తీరానికి వచ్చి ఒక్కొక్కటి సుమారు 100 గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో వలలో చిక్కిన తాబేలును బతికుండగానే వదలడం, తీరంలో రాత్రి దీపాలు తగ్గించడం, తెగిన వల ముక్కలను ఒడ్డుకు తీసుకురావడం పడవ మీద ఉన్న ప్రతివారి చేతిలోని పనులు.

ఇంటి లెక్క

కుటుంబం స్థాయిలో మొదలుపెట్టడానికి వాననీరు అనువైనది. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. కృష్ణా జిల్లాలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీద పడిన వానలో ఐదో వంతు వృథా అయినా 40,000 లీటర్లు వస్తాయి. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు చొప్పున 120 వేసవి రోజులకు కావలసింది 2,400 లీటర్లు మాత్రమే. 3,000 లీటర్ల మూత తొట్టి ఒకటి వేసవిని గట్టెక్కిస్తుంది. తొలి వానలను కప్పు కడగడానికి వదిలేయాలి. గొట్టం నోటికి సన్న జాలీ, తొట్టికి దోమ చొరని మూత ఉండాలి. తాగే ముందు నీటిని కాచాలి.

ఇంటి చెత్త ప్రయాణం కూడా తెలుసుకోదగినది. కాలువలో వేసిన ప్లాస్టిక్ సంచి లాకుల దగ్గర చిక్కితే నీటిని ఆపుతుంది. చిక్కకపోతే డ్రెయిన్ దాటి మడ వేళ్లకు చుట్టుకుంటుంది. తడి చెత్తను పెరట్లో ఎరువు చేసి, ప్లాస్టిక్‌ను విడిగా పోగేసి, పురుగుమందు డబ్బాలను కాలువలో కడగకుండా ఉంటే ఆ దారి ఇంటి దగ్గరే ఆగుతుంది.

ఊరి కట్టుబాటు

ఒక్కరు పాటించి పదిమంది పాటించకపోతే ఉమ్మడి వనరు మిగలదు. అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచంలోని ఎన్నో కాలువలనూ, చేపల వేటలనూ, అడవులనూ పరిశీలించారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాడుకునేవారే నియమాలు చేసుకున్న చోట, అమలును వారే కనిపెట్టుకున్న చోట, తప్పుకు మొదట చిన్న జరిమానా, మళ్లీ చేస్తే పెద్దది అన్న క్రమం ఉన్న చోట ఉమ్మడి వనరులు తరతరాలు నిలిచాయని ఆమె చూపారు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు ఇలాంటి చోటే కల్పించింది. సంఘంలో శివారు రైతు మాటకు బరువు ఉండేలా చూడటం, వంతులను శివారు నుంచి మొదలుపెట్టడం, ఏ తూముకు ఎన్ని గంటలు నీరు వదిలారో అందరికీ కనిపించేలా రాయడం తేలికగా చేయగల మూడు ఏర్పాట్లు.

ఏడాది సాధన

అలవాటు రుతువులతో ముడిపడితే నిలుస్తుంది. జూన్, జులైలలో కప్పు శుభ్రం చేసి వాననీటి తొట్టి సిద్ధం చేయడం, జీలుగ చల్లడం. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు తూము దగ్గర వంతు దాటకపోవడం, మురుగు బోదెలు తెరిచి ఉంచడం. నవంబరులో తుపాను హెచ్చరికలు వినడం, 1977 నాటి అనుభవాన్ని ఇంటి పెద్దలు పిల్లలకు చెప్పడం. డిసెంబరులో వరి కోతతో పాటు మినుము. జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్లకు తీరాన్ని ప్రశాంతంగా వదలడం, కాలువలు కట్టేసేలోగా మంచినీటి చెరువులు నింపుకోవడం. ఏప్రిల్ నడుమ నుంచి వేటకు విరామం.

మే నెలలో కాలువలో నీరుండదు. పూడిక, తూటికాడ తీసేది అప్పుడే. ఆ పని మొదలయ్యే ముందు ఎగువ రైతులు, శివారు రైతులు కలిసి తల తూము నుంచి చివరి తూము దాకా ఒకసారి నడవాలి. ఎక్కడ గట్టు తెగిందో, ఎక్కడ అనుమతి లేని గండి పడిందో, ఎక్కడ చెరువు మురుగు కలుస్తోందో ఆ నడకలో రాసుకోవాలి. తరవాతి ఏటి వంతులను చివరి తూము దగ్గరే కూర్చుని నిర్ణయించుకోవాలి.